హద్దు నుంచి గౌరవం దాకా: ‘అమర్యాద’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు

ఉద్యోగాల మీద విశాఖపట్నం వచ్చి స్థిరపడిన ఇతర జిల్లాల తెలుగువారు ఈ ఊరి మాట గురించి ఒక ఫిర్యాదు చేస్తూ ఉంటారు. ఇక్కడి మనుషులు మంచివాళ్ళే గాని మాటలో మర్యాద తక్కువ అని దాని సారాంశం. పెద్దవాళ్ళను కూడా ‘నువ్వు’ అంటారని, ‘ఏటి’ అని కసిరినట్టు అడుగుతారని, మాట చివర ‘అండి’ రానే రాదని వారి అభ్యంతరం. ఇది సరైనదో కాదో తేల్చాలంటే ముందు ‘అమర్యాద’ అనే మాట ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చి నేటి అర్థంలో కుదురుకుందో చూడాలి. అలా చూసినప్పుడు ఉత్తరాంధ్ర యాసకు తగిలించే ఈ నింద ఆ మాటకే అన్యాయం చేస్తోందని స్పష్టమవుతుంది.

అమర్యాదలో ఉన్నది ‘మర్యాద’ అనే సంస్కృత శబ్దం, దానికి ముందు లేమిని తెలిపే ‘అ’కారం. మర్యాద అనగానే నేటి తెలుగువారికి తోచేవి గౌరవం, మన్నన, అతిథికి చేసే సత్కారం. సంస్కృతంలో దాని మొదటి అర్థం వీటిలో ఏదీ కాదు. పొలిమేర, ఎల్ల, గట్టు, తీరం, హద్దు అనేవి దాని మూలార్థాలు. పురాణాలు భూమిని వర్షాలుగా, అంటే భూభాగాలుగా, విడదీసి చెప్పేటప్పుడు, ఒక వర్షానికీ మరొక వర్షానికీ నడుమ నిలిచిన నీల, శ్వేత, శృంగవంతాది పర్వతాలను మర్యాదాగిరులు అన్నాయి. అవి గౌరవనీయమైన కొండలు కావడం వల్ల ఆ పేరు రాలేదు, సరిహద్దు కొండలు కావడం వల్ల వచ్చింది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో కఠిన శిక్షకు పాత్రులైన నేరస్థుల్లో మర్యాదాభేదకుడు ఒకడు. అతడు హద్దులను చెరిపినవాడు. ఎవరినో పరుషంగా పలకరించినవాడు కాడు.

ఈ శబ్దం ఋగ్వేదంలోనే ఉంది. పదో మండలంలోని ఐదో సూక్తం కవులు ఏడు మర్యాదలను చెక్కారని, వాటిలో ఒక్కదానిని దాటినా మనిషి పాపంలో పడతాడని అంటుంది. ఆ ఏడు ఏమిటో, వేదంలోని పదాలకు అర్థాలు విప్పిన ప్రాచీన పండితుడు యాస్కుడు తన నిరుక్తమనే గ్రంథంలో వివరించాడు. దొంగతనం, గురుతల్పగమనం (గురువు భార్యతో కూడడం), బ్రహ్మహత్య, భ్రూణహత్య, సురాపానం, చేసిన చెడ్డపనినే మళ్ళీ మళ్ళీ చేయడం, చేసిన పాపం గురించి అబద్ధమాడడం అనేవి ఆయన లెక్క. ఈ జాబితాలో పలకరింపుకు, పిలుపుకు, సర్వనామానికి సంబంధించినది ఏదీ లేదని గమనించాలి. మనుషుల మధ్య బతుకు సాగడానికి దాటరాని గీతలు కొన్ని ఉన్నాయన్నదే అక్కడి భావం.

యాస్కుడు ఈ పదానికి రెండు నిర్వచనాలు ఇచ్చాడు. ‘మర్యైః ఆదీయతే’ అన్నది మొదటిది. మర్యులంటే మరణధర్మం గల మనుషులు కాబట్టి, మర్యాద అంటే మనుషులు తామై ఏర్పరచుకున్నది. ‘మర్యాదినోః విభాగః’ అన్నది రెండోది. అంటే ఒకరి నేలను ఆనుకొని మరొకరి నేల ఉన్నప్పుడు ఆ ఇద్దరి నడుమ ఉండే విభజన. నేటి భాషాశాస్త్రం ఇలాంటి సంప్రదాయ వ్యుత్పత్తులను చారిత్రక సత్యాలుగా తీసుకోదు. అయినా ఆ కాలపు పండితులు ఈ మాటను ఎలా అర్థం చేసుకున్నారో తెలుసుకోవడానికి అవి గట్టి సాక్ష్యాలే. మర్యాద దేవుడు దిగి వచ్చి గీసిన గీత కాదని, మనుషులు గీసుకున్నదని మొదటి నిర్వచనం చెబుతోంది. దానికి రెండు పక్కలా యజమానులుంటారని, ఒక్కరి ఇష్టంతో అది నిలవదని రెండోది చెబుతోంది. ఈ రెండో మాట నేటి చర్చకు ఎంతో అవసరం.

వ్యాకరణం ఈ అర్థాన్ని మరింత పదును పెట్టింది. ‘ఆఙ్ మర్యాదాభివిధ్యోః’ అన్నది పాణిని రెండో అధ్యాయంలోని సూత్రం. ‘దాకా’ అనే అర్థమిచ్చే ‘ఆ’ అనే ఉపసర్గకు రెండు తీరులు ఉన్నాయని దాని తాత్పర్యం. ‘తేన వినా మర్యాదా, తేన సహ అభివిధిః’ అని వ్యాఖ్యాతలు ఆ తేడాను విప్పారు. హద్దుగా చెప్పిన దానిని విడిచిపెట్టి అంతవరకే ఆగితే మర్యాద, దానిని కూడా కలుపుకొంటే అభివిధి. పాటలీపుత్రం దాకా వాన పడిందని, అయితే ఊళ్ళో పడలేదని చెప్పదలిస్తే అది మర్యాద. పిల్లలను, గోపాలకులను కూడా కలుపుకొని ‘ఆబాలగోపాలం’ అంటే అది అభివిధి. ఈ ‘ఆ’కారం నేటి తెలుగులో నిత్యం వాడుకలో ఉంది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు విశాఖపట్నంలో పట్టిన ఆమరణ నిరాహారదీక్షను తలచుకునే ప్రతివారూ పాణిని చెప్పిన ఆ ఉపసర్గనే పలుకుతున్నారు. వ్యాకరణం దృష్టిలో మర్యాద అంటే హద్దును తాకకుండా దాని ముందు ఆగడం.

సముద్రపు ఒడ్డున బతికేవారికి ఈ మూలార్థాన్ని పట్టుకోవడం కష్టం కాదు, ఎందుకంటే సంస్కృత కవులకు మర్యాద అనగానే మొదట గుర్తుకు వచ్చిన దృశ్యం సముద్రమే. ఎంత పొంగినా తీరం దాటకపోవడం సముద్రపు మర్యాద అని, గొప్పవారి నడత అలాంటిదని వారు పదే పదే చెప్పారు. తెలుగు ఆ తీరానికి ‘చెలియలికట్ట’ అనే అందమైన పేరు పెట్టింది. చెలియలికట్ట దాటని సాగరం అనడంలోనూ, మర్యాద దాటని మనిషి అనడంలోనూ ఉన్న ఊహ ఒక్కటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజును చూసినవారికి, సముద్రం కట్ట మీరడమంటే ఏమిటో, మీరకుండా ఉండే మిగతా రోజుల విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగులో ఈ పాత అర్థం పూర్తిగా పోలేదు. మర్యాద రామన్న అనే జానపద పాత్ర అందుకు మంచి రుజువు. ఆ కథలు తెలిసినవారెవరూ రామన్నను తియ్యగా మాట్లాడేవాడిగా గుర్తుపెట్టుకోరు, తగవు తీర్చేవాడిగా గుర్తుపెట్టుకుంటారు. నలుగురు దూది వ్యాపారులు కలిసి పిల్లిని పెంచి, ఒక్కొక్క కాలును ఒక్కొక్కరు పంచుకున్నారు. గాయపడిన కాలికి దాని యజమాని కట్టిన నూనెగుడ్డకు నిప్పంటుకుంది, పిల్లి దూదిలోకి పరుగెత్తింది, సరుకంతా కాలిపోయింది. నష్టం అతడే కట్టాలని మిగిలిన ముగ్గురూ పట్టుబట్టారు. కుంటికాలితో పిల్లి పరుగెత్తలేదు, దానిని దూదిలోకి మోసుకుపోయినవి మీ మూడు కాళ్ళే కాబట్టి మీరే అతడికి కట్టాలని రామన్న తీర్పు చెప్పాడు. ఎవరి బాధ్యత ఎంతవరకో గీత గీసి చూపించాడు గనుక అతడు మర్యాద రామన్న. ఇక్కడ మర్యాద అంటే న్యాయమనే అర్థం. మలయాళంలోనూ ఈ మాటకు మంచి నడవడి, న్యాయం అనే ఛాయలు ఉన్నాయి. హిందీలో అది నడతకు కట్టుబాటు అన్న చోటే ఎక్కువగా నిలిచింది. గౌరవించడం, సత్కరించడం అనే అర్థం బాగా బలపడినది తెలుగు, కన్నడ, తమిళాల్లో.

హద్దు గౌరవంగా ఎలా మారింది? దీనికి జవాబు మర్యాద అనే నామం పక్కన తెలుగు ఏ క్రియలను చేరుస్తుందో చూస్తే కొంత దొరుకుతుంది. మర్యాద తప్పడం, మర్యాద మీరడం, మర్యాద దాటడం అనేవి ఒక గుంపు. మీరడం అనే క్రియ హద్దు, మితి, ఆజ్ఞ వంటి వాటితోనే పొసగుతుంది కాబట్టి ఈ గుంపు పాత అర్థాన్ని పదిలంగా దాచుకుంది. మర్యాద చేయడం, మర్యాద ఇవ్వడం, ఇచ్చి పుచ్చుకోవడం, మర్యాద దక్కడం అనేవి రెండో గుంపు. ఇక్కడ మర్యాద హద్దు కాదు, చేతులు మారే వస్తువు. ఒకరి దగ్గర ఉంటుంది, ఇంకొకరికి ఇస్తారు, కొందరికి దక్కదు. ఒకే నామం రెండు రకాల క్రియలతో సర్దుకుపోతున్నదంటే దానికి రెండు అర్థాలు పక్కపక్కనే బతుకుతున్నాయన్నమాట.

ఈ రెండింటికీ వంతెన వేసినది ఆచారం అనుకోవడం సబబు. హద్దు నుంచి కట్టుబాటు, కట్టుబాటు నుంచి వాడుక, వాడుక నుంచి ఒక్కొక్కరికి వాడుకగా జరగవలసిన లాంఛనం, ఆ లాంఛనం నుంచి గౌరవం అనే వరసలో అర్థం జరిగింది. దేవాలయంలో ఈ మధ్య మెట్టు నేటికీ కళ్ళకు కనిపిస్తుంది. సింహాచలంలో వైశాఖ శుద్ధ తదియ నాడు చందనోత్సవం జరుగుతుంది. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే వరాహలక్ష్మీ నృసింహస్వామి నిజరూపం దర్శనమిచ్చేది ఆ ఒక్క రోజే. తొలి దర్శనం వంశపారంపర్య ధర్మకర్తలైన పూసపాటి వారిది. తలకు పరివట్టం కట్టడం, పూర్ణకుంభంతో ఎదురురావడం, తీర్థప్రసాదాల్లో ముందు వెనుకలు పాటించడం వంటి వాటినే ఆలయ మర్యాదలు అంటారు. ఇవి ఎవరి మీదో ఉప్పొంగిన అభిమానంతో చేసేవి కావు, ఎవరికి ఏది ఎప్పుడు చెల్లాలో ముందే గీసి ఉన్న గీతలు. వీటి మీద కోర్టులకెక్కిన తగవులు కూడా తక్కువేమీ కావు. ఏదో ఒక పదవితో ముడిపడని ఒట్టి మర్యాదల కోసం సివిల్ దావా నిలవదని, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ సెక్షన్ కింద న్యాయస్థానాలు తేల్చవలసి వచ్చింది. లాంఛనం హక్కుగా మారి, హక్కు గౌరవానికి గుర్తుగా మారిన తీరు ఇందులో తెలుస్తుంది.

ఇలా మారిన అర్థంలోకే ఒక చిక్కు కూడా వచ్చి చేరింది. మర్యాదస్తుడు అనే మాటను తీసుకోండి. మాట ప్రకారం చూస్తే హద్దు ఎరిగి నడిచేవాడు మర్యాదస్తుడు. వాడుకలో మాత్రం ఇస్త్రీ చొక్కా, కాస్త చదువు, స్థిరమైన ఆదాయం, పుస్తకానికి దగ్గరగా ఉండే ఉచ్చారణ ఉన్నవాడికి ఆ పేరు చులాగ్గా దొరుకుతుంది. లుంగీ కట్టి వలలు అల్లేవాడికి, ఎంత నిజాయితీపరుడైనా, అంత తేలిగ్గా దొరకదు. మర్యాద ఇచ్చిపుచ్చుకునే వస్తువు అయిన తరువాత అది ఉన్నవాళ్ళ సొత్తుగా మారడం పెద్ద వింత కాదు.

విచిత్రమేమిటంటే పాత అర్థం నేటి మాటల్లో అన్నిటికంటే బలంగా వినిపించేది బెదిరింపులో. ‘మర్యాదగా డబ్బు కట్టు’, ‘మర్యాదగా బయటికి నడు’ అన్నప్పుడు గౌరవానికి చోటెక్కడ? ఇప్పటివరకు ఇద్దరం గీతకు ఇవతలే ఉన్నాం, నువ్వు ఒప్పుకోకపోతే నేను ఆ గీత దాటుతాను అని చెప్పడమే ఆ మాట. వేదకాలపు హద్దు అనే అర్థాన్ని వీధి తగాదా చెక్కుచెదరకుండా కాపాడుతోంది.

మొరటుతనానికి తెలుగులో వేరే మాటలు లేవా అంటే ఉన్నాయి. పొగరు, కొవ్వు, బలుపు అనేవి ఒంట్లో ఏదో ఎక్కువైందని చెబుతాయి. మోటు, మొరటు అనేవి చెక్కని వస్తువును తలపిస్తాయి. ఇంగ్లీషువారు ఈ అర్థంలో వాడే ‘రూడ్’ కూడా లాటిన్‌లో చెక్కనిది, పచ్చిది అనే అర్థం గల మాట నుంచి వచ్చినదే. ఇవన్నీ మనిషి లోపలి గుణాన్ని ఎంచే మాటలు. అమర్యాద అలా కాదు. అది ఇద్దరి నడుమ ఉన్న గీతకు జరిగిన సంగతి చెబుతుంది. ఒంటరిగా కూర్చున్న మనిషి పొగరుబోతు కావచ్చు, మోటుమనిషీ కావచ్చు గాని అమర్యాద చేయలేడు, అందుకు ఎదుట మరొకరు ఉండాలి.

ఇక గ్రామ్యం అనే మాట. అలంకారశాస్త్రంలో అదొక కావ్యదోషం. గ్రామానికి చెందినది అసభ్యమని, నగరానికి చెందినది నాగరికమని తీర్పు చెప్పే ఈ జంట పదాల్లో తూకం మొదటి నుంచీ ఒకవైపే మొగ్గింది. 20వ శతాబ్ది తొలి రోజుల్లో వ్యావహారిక భాషావాదం లేచినప్పుడు దాని మీద పడిన ప్రధానమైన నింద కూడా ఇదే, అది గ్రామ్యమని. ఆ ఉద్యమం పుట్టినది ఈ ఉత్తరాంధ్రలోనే. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలోని గురజాడ అప్పారావు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ ఆ వాదానికి తొలి బలం. జనం నోట బతికే భాషకు రాతలో చోటు కావాలని అంతగా పోరాడిన నేలలో, ఆ నేల యాసనే అమర్యాద అని ముద్ర వేయడం బాధ కలిగించే సంగతి.

ఆ ముద్రకు ఆధారంగా చూపేవి ఏమిటో ఒక్కొక్కటే చూడాలి. ‘ఏటి’ అనే మాట ఏమిటి అన్నదానికి కుదించిన రూపం. కృష్ణా తీరాన అదే మాట ఏంటి అయింది, ఇక్కడ ఏటి అయింది. రెండూ ఒకే తల్లి బిడ్డలు. మధ్యలో సున్న నిలిస్తే మర్యాద, జారిపోతే అమర్యాద అనడానికి ఏ వ్యాకరణమూ ఒప్పుకోదు. అలవాటు లేని చెవికి అది కటువుగా తగలడం నిజమే. కానీ ఆ కటువు వినేవారి అలవాటులో ఉంది, పలికేవారి ఉద్దేశంలో లేదు.

‘నువ్వు’ సంగతి ఇంతకంటే లోతైనది. తెలుగునాట చాలా ఇళ్ళలో అమ్మను, అమ్మమ్మను నువ్వు అనే పిలుస్తారు. దానిని ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే ఆ చనువుకు అక్కడ హద్దు అంత దగ్గరగానే ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ వలయం ఇల్లు దాటి వీధి దాకా, ఊరి దాకా విస్తరించి ఉంటుంది. ‘ఏటి తాతా, ఎప్పుడొచ్చినావు?’ అని అడిగే కుర్రవాడు వయసును గుర్తించలేదని ఎలా అనగలం? గౌరవం మోసే బరువును అతడు సర్వనామం మీద పెట్టలేదు, తాతా అనే వరస మీద పెట్టాడు. గోదావరి జిల్లాలవారు ఆ బరువును ‘అండి’ మీద, ‘ఆయ్’ మీద పెట్టారు. వరస చెప్పకుండా పరాయి పెద్దమనిషిని బోడిగా నువ్వు అంటే ఉత్తరాంధ్రలోనూ కోపం వస్తుంది. అంటే గీత లేకపోలేదు, వేరొక చోట ఉంది.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే ఆ గీత ఎంత కచ్చితమైనదో కనిపిస్తుంది. మరపడవలు సరుకు దింపుతాయి, వేలంపాట కేకల మీద నడుస్తుంది, చేపల గంపల వెనుక కూర్చున్న ఆడవాళ్ళ గొంతు ఆ కేకలను మించి లేస్తుంది. ‘ఓలమ్మా, ఈ ఎలకి వంజరం ఎక్కడ దొరుకుతాది సెప్పు, నచ్చితే తీసుకో, నేదంటే నేదు’ అనే మాట అక్కడ తిట్టు కాదు, బేరం మొదలైందని తెలిపే మాట. కొనేవారు చేప మొప్ప ఎత్తి ఎరుపు చూడవచ్చు, వేలితో నొక్కి గట్టిదనం చూడవచ్చు, సగం ధరకు అడగవచ్చు. ఇవేవీ తప్పు కావు. బేరం కుదిరి, పొలుసు గీయించి, ముక్కలు కొట్టించిన తరువాత వద్దనడం తప్పు. పాట పాడి సరుకు తనదని ఒప్పుకున్నవాడు మాట మీద నిలబడకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఎంత అండి, గారు అనే మాటలు కలిపినా ఆ తప్పు మాయదు. హద్దును పంచుకున్న ఇద్దరి నడుమ విభజన అని యాస్కుడు చెప్పినది ఇలాంటి చోట ప్రత్యక్షంగా తెలుస్తుంది.

ఈ ఊరికి మరొక ప్రత్యేకత ఉంది. 1933లో ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణ కేంద్రం, ఆపైన చమురుశుద్ధి కర్మాగారం, తూర్పు నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి మనుషులను ఇక్కడికి రప్పించాయి. ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవారితో పాటు తెలుగులోనే నాలుగైదు యాసలవారు ఒకే వీధిలో ఇళ్ళు కట్టుకున్నారు. ఎవరి మర్యాద వారితో వచ్చింది. ఇలాంటి ఊళ్ళో అమర్యాద అనే ఫిర్యాదుల్లో చాలా భాగం, నిజానికి గీత దాటడం గురించి కాక, ఎదుటివారి గీత ఎక్కడుందో తెలియకపోవడం గురించి ఉంటాయి. గీతల్లో ఏది సిసలైనదని తేల్చే అధికారం మాత్రం ఎప్పుడూ చదువుకున్నవారి యాసకే దక్కుతోంది. సినిమాల్లో ఉత్తరాంధ్ర యాస ఎన్ని సార్లు వంటవాడికి, జేబుదొంగకు, వెర్రిబాగులవాడికి మాత్రమే దక్కిందో గమనించినవారికి ఈ అధికారం ఎలా పనిచేస్తుందో తెలుసు.

మరి నేటి విశాఖలో అమర్యాద అనదగినది లేదా? ఉంది, అది యాసలో లేదు. ఏదైనా కార్యాలయం కౌంటరు దగ్గర కాసేపు నిలబడి చూడండి. వరసలో ముందున్న ప్యాంటూ చొక్కా మనిషితో ‘మీరు ఈ ఫారం నింపి తీసుకురండి సార్’ అన్న గొంతే, ఆ వెనకే భుజాన తుండుతో వచ్చిన ముసలాయనతో ‘ఏం కావాలి నీకు, అటు పక్కకి నిలబడు’ అంటుంది. ఆ మాటల్లో ఏటి లేదు, నేదు లేదు, ఉచ్చారణలో లోపం లేదు. అయినా అమర్యాద అనే మాట మూలార్థంతో సహా సరిపోయేది అక్కడే. అందరినీ నువ్వు అనే చోట ఎవరి హద్దూ చెరగదు. ఒకే కౌంటరు దగ్గర, ఒకే నోటితో, ఒకరికి మీరు, మరొకరికి నువ్వు పంచినప్పుడు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండవలసిన గీత ఒకరి పక్క మాత్రమే చెరుగుతుంది. బడిలో నేదు అన్న పిల్లవాడిని తరగతి అంతా నవ్వేలా సరిదిద్దినప్పుడు జరిగేది కూడా ఇదే. ఆ పిల్లవాడికి పుస్తకభాష నేర్పడం గురువు పని, అది జరగాలి. అయితే వాడు ఇంట్లో అమ్మతో ఆడే మాట తప్పుడు మాట అని వాడికి నేర్పే హక్కు ఆ పనిలో లేదు.